రెండున్నర కిలోల పిల్లలు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, ఆసుపత్రి మూడో అంతస్తు మీటింగు హాల్లో, పిల్లల గుండె ఆపరేషన్ల విభాగానికి ‘సున్నా తప్పులు’ ఫలకం ఇచ్చారు. అదే సమయానికి రెండో అంతస్తు ఐసీయూలో ఒక పాప బరువు తూచారు. కిలో తొమ్మిది వందల గ్రాములు.

ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని ఆ హాల్లో ఒక్కరికే తెలుసు. ఆవిడ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడుతోంది.

ఆవిడ పని హార్ట్-లంగ్ మెషిన్ నడపడం. గుండెను కోసి బాగుచెయ్యాలంటే ముందు దాన్ని ఆపాలి. ఆగినంతసేపూ ఒంట్లో రక్తాన్ని తిప్పేదీ, దానికి ఆక్సిజన్ పట్టించేదీ ఆ యంత్రం. యంత్రం పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ దాన్ని నడుపుతుంది. పదిహేడేళ్ళుగా అదే స్టూలు. ఆ ఉద్యోగానికి ఒక ఇంగ్లీషు పేరుంది. పలకడానికి నోరు తిరగదు కనక ఆసుపత్రిలో అందరూ మెషినమ్మ అంటారు. ఒకసారి జీతం కాగితం మీద కూడా అలాగే వచ్చింది.

ఫలకం అందుకున్నది ఆసుపత్రి నాణ్యతాధికారి. ఆయన మెషినమ్మకి సొంత బావగారు, అక్క భర్త. ఇక్కడికి రాకముందు బిస్కెట్ల ఫ్యాక్టరీలో నాణ్యత చూసేవారు. ప్రతి ప్యాకెట్టూ ఒకే బరువుండాలి, ఉండని ప్యాకెట్టు లైను మీదనుంచి పక్కకి పోవాలి, అదీ అక్కడి పని. ఆసుపత్రిలో ఆయన్ని నూరుశాతం గారు అంటారు. ఆయన వింటుండగా కూడా అంటారు. ఆయన దాన్ని మెప్పుగానే తీసుకున్నారు.

ఫలకం ఇచ్చింది రిజిస్ట్రీ వాళ్ళు. పిల్లల గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రులన్నీ ప్రతి కేసు వివరాలనూ ఆ రిజిస్ట్రీకి పంపాలి. బిడ్డ బరువెంత, యంత్రం మీద ఎంతసేపు ఉంది, ఒళ్ళు ఎంత చల్లబరిచారు, రక్తం ఎంత పలచబడింది, ఇలా కంప్యూటర్లో అరవైకి పైగా గడులు. అందరి అంకెలూ ఒకచోట చేరితే ఏ పద్ధతి పిల్లలకి మేలో తెలుస్తుందని ఉద్దేశం. గడి ఖాళీగా ఉంటే తప్పు. గడి ఎర్రబడితే తప్పు. పంపడం ఆలస్యమైతే తప్పు. గడిలో ఉన్న అంకె నిజమా కాదా అన్నది తప్పుల జాబితాలో లేదు.

మూడేళ్ళ కిందట ఈ సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు బరువు గడికి కింది హద్దు రెండున్నర కిలోలుగా ఉంది. అంతకన్నా తక్కువ కొడితే గడి ఎర్రబడుతుంది, కేసు సేవ్ కాదు. ఆ ఎర్రగడిని మొదట చూసింది మెషినమ్మే. ఆ రోజు బిడ్డ బరువు రెండు కిలోల రెండొందలు. ఆవిడ మూడుసార్లు అదే కొట్టింది. మూడుసార్లూ ఎర్రబడింది. నాలుగోసారి రెండున్నర అని కొట్టింది. గడి పచ్చబడింది. ఆవిడ ఇంటికి వెళ్ళింది.

తర్వాత వచ్చిన చిన్నబిడ్డకి ఇంకో ఉద్యోగి అడిగాడు. “రెండున్నర పెట్టెయ్” అని చెప్పింది. అప్పటినుంచి అది ఆ గదిలో పద్ధతి. అసలు బరువు ఒక తెల్ల ప్లాస్టరు ముక్క మీద రాసి యంత్రానికి అంటిస్తారు. యంత్రం నడిచేది ఆ ముక్కను బట్టి. ఆపరేషన్ అయ్యాక ముక్క పీకి చెత్తబుట్టలో వేస్తారు. రిజిస్ట్రీకి రెండున్నర వెళ్తుంది. బిడ్డ కేస్ షీట్లో మాత్రం అసలు బరువే ఉంటుంది. ఎవరూ ఏదీ దాచలేదు. తిలా పాపం తలా పిడికెడు.

హాల్లో ముఖ్య అతిథి తెర మీద ఒక గ్రాఫు చూపించారు. పిల్లల బరువుల గ్రాఫు. రెండున్నర దగ్గర ఒక గీత కరెంటు స్తంభంలా నిలబడి ఉంది. దానికి ఎడమపక్క ఏమీ లేదు.

“ఈ స్థిరత్వం చూడండి” అన్నారాయన. “మిగతా ఆసుపత్రుల్లో ఈ భాగమంతా చిందరవందరగా ఉంటుంది.”

నూరుశాతం గారు లేచి నిలబడి తల వంచారు. మళ్ళీ చప్పట్లు.

కార్యక్రమం అయ్యాక సర్జన్ మెషినమ్మను మెట్ల దగ్గర ఆపారు. ఆయన హాల్లోకి రాలేదు. ఆపరేషన్ గదిలోంచి తలమీద టోపీతోనే వచ్చారు.

“పాపని చూశావా అమ్మా?”

“ఇంకా లేదు సార్. బరువు హాల్లో ఉండగానే ఫోన్‌కి వచ్చింది.”

“పెద్ద నాళాలు రెండూ తారుమారు. ఊపిరితిత్తులకి వెళ్ళాల్సింది ఒంట్లోకి, ఒంట్లోకి వెళ్ళాల్సింది ఊపిరితిత్తులకి. మందు డ్రిప్పు మీద నెట్టుకొస్తున్నాం. ఈ వారం దాటకూడదు. శుక్రవారం అనుకుంటున్నా.”

“సెట్టు?”

“అందుకే నిన్ను ఆపాను. మన దగ్గరున్న సెట్టుతో నేను చెయ్యను.”

సెట్టు అంటే యంత్రానికి ప్రతి ఆపరేషన్‌కీ కొత్తగా తగిలించే గొట్టాలు, ఆక్సిజన్ పట్టించే డబ్బా. మొదలుపెట్టే ముందు దాన్ని నింపాలి. ఆ పాప ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే ఒక టీ గ్లాసుకి కాస్త ఎక్కువ. ఉన్న సెట్టు నిండాలంటే అలాంటి గ్లాసులు రెండుకి పైగా కావాలి. పాప రక్తం కన్నా బయటినుంచి పోసిందే ఎక్కువవుతుంది. చిన్న సెట్టు అయితే ఒక గ్లాసుతో సరి.

“ఇదివరకు రెండు కిలోల వాళ్ళకి దీంతోనే చేశాం కదా సార్.”

“చేశాం. ఎలా చేశామో నీకు తెలుసు, నాకు తెలుసు. తర్వాత ఇద్దరు ఎన్నాళ్ళు వెంటిలేటర్ మీద ఉన్నారో అదీ తెలుసు. చిన్న సెట్టు ఉంటే శుక్రవారం చేస్తాను. లేదంటే పాపని పై ఊరు పంపాలి. అంబులెన్సులో ఎనిమిది గంటలు. తట్టుకుంటుందని నేను రాసివ్వలేను.”

ఊళ్ళో ఇంకో ఆసుపత్రి ఉంది. అక్కడ యంత్రం నడిపే ఆయన చదువుకునే రోజుల్లో మెషినమ్మకి జూనియర్. ఆవిడ ఫోన్ చేసింది.

“తమ్ముడూ, ఒక చిన్న సెట్టు బదులివ్వరా. వారంలో తిరిగిస్తాను.”

“ఉన్నదొక్కటీ నిన్ననే వాడేశాం అక్కా. పాపని పంపుదామన్నా ఇక్కడ మంచం ఖాళీ లేదు. అయినా ఫలకాలు పుచ్చుకున్నవాళ్ళు మా గుమ్మం ముందు చెయ్యి చాపడమేంటి?”

“ఫలకం నువ్వు తీసుకో, సెట్టు నాకివ్వు.”

“మాకెందుకు అక్కా! మాకు తప్పుల్లో ముందునుంచి మొదటి ర్యాంకు. డీలర్ దగ్గర రెండు డబ్బాలు ఉన్నాయి, వాణ్ణడుగు.”

డీలర్ దగ్గర ఉన్నాయి. ఆర్డరు కాగితం మీద కొనుగోళ్ళ అధికారి సంతకం పడితే గంటలో ఇస్తానన్నాడు.

కొనుగోళ్ళ అధికారి గది ఒకటో అంతస్తులో, లిఫ్టు పక్కన. మెషినమ్మ వెళ్ళేసరికి ఆయన ఫలకం ఫొటోలు ఫోన్లో చూసుకుంటున్నారు.

“చిన్న సెట్టు అంటే ఎవరికి?”

“రెండున్నర కిలోల లోపు పిల్లలకి సార్.”

ఆయన కంప్యూటర్ తెరను ఆవిడ వైపు తిప్పారు. “మన దగ్గర అలాంటి పిల్లలు లేరే!”

“పై అంతస్తులో ఒక పాప ఉంది.”

“ఉండొచ్చు. మూడేళ్ళలో ఎంతమందో చూడండి. సున్నా. పొద్దున్నే ఆ సున్నాకి ఫలకం కూడా ఇచ్చారు. సున్నామందికి సామాను కొంటే రేపు ఆడిట్ వాళ్ళు నన్ను నిలువునా కడిగేస్తారు.”

“ఒక్కటి కొనండి.”

“ఒక్క చెప్పు కొన్నట్టుంటుందమ్మా. అయిదుకి తక్కువ కొనకూడదు. అయిదు కొనాలంటే అంతమంది పిల్లలు రిజిస్ట్రీలో కనబడాలి.”

“ఇరవై ముగ్గురు ఉన్నారు సార్.”

“ఎక్కడ?”

“ఆ రెండున్నరలోనే. వాళ్ళంతా అంతకన్నా తక్కువ. గడి తీసుకోకపోతే మేమే రెండున్నర పెట్టాం.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “అయితే వాళ్ళు రెండున్నర వాళ్ళేనమ్మా” అన్నారు. “హద్దు మార్పించుకు రండి. సంతకం ఎంతసేపు?”

హద్దు మార్చాలంటే నాణ్యతాధికారి సిఫారసు కావాలి. ఆయన గదిలో గోడకి పాత ఫ్యాక్టరీ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఫలకం వాటి మధ్య కొత్త మేకుకి వేలాడుతోంది.

“రా మరదలా. గోడ ఇప్పుడు నిండుగా ఉంది కదూ?”

“బావగారూ, బరువు గడికి కింది హద్దు మార్చాలి.”

“దేనికి?”

“చిన్నపిల్లలు వస్తున్నారు.”

“రుజువు కావాలి. హద్దు కన్నా తక్కువ బరువున్న కేసు రిజిస్ట్రీలో ఒక్కటైనా ఉండాలి.”

“హద్దు ఉండగా అలాంటి కేసు రిజిస్ట్రీలోకి ఎలా వస్తుంది?”

“రాదు. అందుకే ఇన్నాళ్ళూ మార్చాల్సిన అవసరం పడలేదు.”

విత్తు ముందా చెట్టు ముందా అన్న చిక్కు దీనికన్నా నయం. ఇక్కడ విత్తూ లేదు, చెట్టూ లేదు. తోట బాగుందని మెచ్చుకోలు మాత్రం గోడమీద ఉంది.

“మేం రెండున్నర అని అబద్ధం కొట్టాం బావగారూ. మొదట కొట్టింది నేనే.”

నూరుశాతం గారు లేచి తలుపు వేశారు. “ఈ మాట ఇంకెవరితో అన్నావు?”

“కొనుగోళ్ళ ఆయనతో.”

“విన్నాడా?”

“కళ్ళద్దాలు తీశాడు.”

“తీస్తే వినలేదన్నమాట. మంచిది.” ఆయన కూర్చుని గొంతు తగ్గించారు. “నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. మీ అక్కకి చెప్పలేదు. ఈ ఫలకం ఉంటే రెండేళ్ళు పొడిగిస్తామన్నారు. నువ్వు ఇరవై మూడు తప్పులని రాసిస్తే నేను సున్నా తప్పుల అధికారిని ఎలా అవుతాను?”

“పాపకి శుక్రవారం దాటితే లేదు బావగారూ.”

ఆయన కొంచెంసేపు ఫలకం వైపు చూశారు. “క్షేత్ర పరిశీలన పెడతాను. రేపు పొద్దున్నే కమిటీ వచ్చి స్వయంగా తూస్తుంది. రెండున్నర కన్నా తక్కువని కమిటీ కళ్ళారా చూస్తే అది రుజువే. నీ అబద్ధం జోలికి వెళ్ళక్కర్లేదు.”

బుధవారం కమిటీ ఐసీయూకి వచ్చింది. కమిటీ అంటే నూరుశాతం గారు, కొనుగోళ్ళ అధికారి. మూడో సభ్యుడు సెలవులో ఉన్నాడు. పాప తల్లి ఇంకా ప్రసూతి వార్డులోనే ఉంది, కుట్లు మానలేదు. పాప మంచం పక్కన కుర్చీలో పాప అమ్మమ్మ ఉంది. తండ్రి రక్తం ఇచ్చేవాళ్ళను వెతకడానికి వెళ్ళాడు.

సిస్టర్ పాపను తూచింది. ముందు దుప్పటి తీసింది. చేతికి కట్టిన అట్టముక్క, ఒంటికి తగిలించిన తీగలు బరువులో కలవకుండా వాటిని ఇంకో సిస్టర్ పైకెత్తి పట్టుకుంది. కిలో తొమ్మిది వందలు.

“దుప్పటి ఎందుకు తీశారు?” అన్నారు నూరుశాతం గారు.

“బరువు చూడటానికి సార్.”

“ఫ్యాక్టరీలో మేం కవరుతో కలిపే తూచేవాళ్ళం. కవరు లేకుండా సరుకు బయటికి వెళ్తుందా? ఈ పాప దుప్పటి లేకుండా ఉంటుందా?”

“ఉండదు సార్, చలేస్తుంది.”

“అయితే కప్పండి.”

దుప్పటి కప్పారు. టోపీ పెట్టారు. తీగలు పట్టుకున్న సిస్టర్ని చేతులు దించమన్నారు. రెండు కిలోల మూడొందల పది. కొనుగోళ్ళ అధికారి వంగి చూశారు.

“ఆ మందు సీసా ఎవరిది?”

“పాపదే సార్.”

“పాప పేరు మీదే ఉంది కదా. అది కూడా పెట్టండి. ఎవరి లెక్క వాళ్ళకి రాయాలి.”

సీసా పెట్టారు. రెండు కిలోల నాలుగొందల అరవై.

“దశాంశం తర్వాత ఒక్క అంకె చాలు” అన్నారు నూరుశాతం గారు. “రెండున్నర.” రాసుకున్నారు. పనిలో పడి ఎందుకొచ్చారో మరిచిపోయిన మనిషిలా కొనుగోళ్ళ అధికారితో చెయ్యి కలిపారు. “చూశారా, తేడా లేదు.”

అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది.

“అయ్యా, ఇంకా ఏమైనా తగ్గితే మొహమాటపడకండి. నేనూ ఎక్కుతాను. అరవై కిలోలుంటాను.”

సిస్టర్ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

“పెద్దమ్మగారూ, ఇది టెక్నికల్ విషయం” అన్నారు నూరుశాతం గారు.

“కావచ్చు బాబూ. మరి టెక్నికల్‌గా ఆపరేషన్ ఎవరికి? పాపకా, సీసాకా?”

కమిటీ సంతకాలు చేసి వెళ్ళిపోయింది. మెషినమ్మ వరండాలో బావగారిని అందుకుంది.

“దుప్పట్లో రక్తం ఉండదు బావగారూ.”

“కమిటీ చూసింది కదమ్మా. కమిటీకి కనబడింది రెండున్నర. ఇంక నా చేతుల్లో ఏముంది?”

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం కాదాయన. దూడను కళ్ళారా చూసి, కొలతలు తీసి, ఎద్దని రాసుకుని పోయే రకం.

అమ్మమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

“యంత్రం నడిపేది నువ్వేనటగా అమ్మా. శుక్రవారం ఉందా, లేదా?”

“సామాను వస్తే ఉంది.”

“ఎక్కడుంది సామాను?”

“ఊళ్ళోనే.”

“మరింకేంటి?”

“సంతకం కావాలండీ.”

“చేసేవాళ్ళకి చేతులు పడిపోయాయా?”

“చిన్నపిల్లలున్నారని కంప్యూటర్లో కనబడాలట.”

“లోపల పాప కనబడుతోంది కదా!”

మెషినమ్మ కింది అంతస్తులో రికార్డుల గదికి వెళ్ళింది.

ఆ గదిలో ఆవిడ ఇరవై మూడు కేస్ షీట్లు తీయించింది. ప్రతిదాంట్లో మత్తు డాక్టరు రాసిన అసలు బరువు ఉంది. మొదటి కేసును రిజిస్ట్రీలో తెరిచి, రెండున్నర తీసి రెండు పాయింట్ రెండు కొట్టింది. ఎర్రబడింది. మూడేళ్ళ కిందట ఎర్రబడినట్టే ఎర్రబడింది. దిద్దుకునే దారి కూడా అదే గడిలోంచి పోవాలి.

ఆవిడ అంకె తీసేసి గడిని ఖాళీగా వదిలి సేవ్ నొక్కింది. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది. ‘అసంపూర్ణం’ అని పసుపు గుర్తు పెట్టి, కారణం రాయమని అడిగింది. ఆవిడ ఇలా రాసింది: ఇక్కడున్న అంకె తప్పు. తప్పని తెలిసే పెట్టాం. కింద మార్చినవారి పేరు దగ్గర ఆవిడ పేరు దానంతటదే వచ్చింది.

మిగతా ఇరవై రెండూ అలాగే ఖాళీ చేసింది.

గురువారం ఉదయం రిజిస్ట్రీ ర్యాంకులు మారాయి. విభాగం మొదటి స్థానం నుంచి చివరి స్థానానికి వచ్చింది. నూరుశాతం గారు లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీదుగా దిగి, యంత్రాల గది తలుపు తోసుకుని వచ్చారు. మెషినమ్మ యంత్రం తుడుస్తోంది.

“మరదలా! కోపం ఉంటే నన్ను తిట్టు. గడులు చెరపడమేంటి?”

“అబద్ధం తీసేశాను.”

“అబద్ధమో నిబద్ధమో, ఒక అంకంటూ ఉండేది కదా! ఇప్పుడు చూడు, పళ్ళూడిన నోరులా ఉంది రిజిస్ట్రీ. ఉండు, మీ అక్కకి చెప్తాను నీ నిర్వాకం.”

“నిన్ననే చెప్పాను బావగారూ. మీ కాంట్రాక్టు సంగతి కూడా చెప్పాను.”

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. “ఏమంది?”

“ముందు పాప సంగతి చూడమంది. మీ బరువు పాతికేళ్ళుగా తనే మోస్తోందట, ఇంకో రెండేళ్ళు మొయ్యగలనంది.”

అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. రిజిస్ట్రీ కేంద్ర కార్యాలయం. ఆయన స్పీకర్ పెట్టారు. ఒక అమ్మాయి గొంతు.

“సార్, మీ దగ్గర ఇరవై మూడు బరువులు ఖాళీగా వచ్చాయి. మూడేళ్ళలో మీనుంచి ఖాళీ రావడం ఇదే మొదటిసారి. కంప్యూటర్ ఏమైనా పాడైందా?”

మెషినమ్మ ఫోన్ తీసుకుంది.

“పాడవలేదమ్మా. ఆ పిల్లలంతా రెండున్నర లోపు. గడి తీసుకోవడం లేదు.”

“తీసుకోదండీ. అది సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన నమూనా హద్దు. ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్పించుకోవాలి. మిగతా ఆసుపత్రులన్నీ మొదటి నెలలోనే మార్పించుకున్నాయి.”

“మాకెవరూ చెప్పలేదే!”

“తప్పులు వచ్చినవాళ్ళకే ఫోన్ చేస్తామండీ. మీకు తప్పులే లేవు కదా. మీ ఫైలు ఇప్పటిదాకా ఎవరూ తెరవలేదు.”

“మార్చడానికి ఏం చెయ్యాలి?”

“ఎంత పెట్టమంటారు?”

“ఒక కిలో.”

అవతల కీబోర్డు చప్పుడైంది. “అయిందండీ. ఇంకేమైనా?”

నూరుశాతం గారు ఫోన్ మీదికి వంగారు. “అమ్మా, రుజువు అక్కర్లేదా?”

“దేనికి సార్?”

ఆయన “ఫలకం వెనక్కి ఇవ్వాలా?” అన్నారు.

“అది వేరే విభాగం సార్” అంది అమ్మాయి.

మధ్యాహ్నానికి మెషినమ్మ ఇరవై మూడు అసలు బరువులూ ఎక్కించింది. ఒక్క గడీ ఎర్రబడలేదు. గ్రాఫులో స్తంభం పోయింది. ఎడమపక్క చిందరవందరగా చుక్కలు వచ్చాయి.

కొనుగోళ్ళ అధికారి తన తెర మీద అది చూశారు. “ఇరవై ముగ్గురా! ఇంతమంది ఉంటే మూడేళ్ళుగా ఒక్కళ్ళూ చెప్పరేంటమ్మా?” అన్నారు. సంతకం చేశారు. అయిదు సెట్లకి ఆర్డరు. డీలర్ దగ్గర ఉన్నవి రెండు, మిగతా మూడు తర్వాత.

తేవడానికి మనిషి లేడు. ప్యూను ఫలకం ఫొటోలు ఫ్రేము కట్టించడానికి బజారు వెళ్ళాడు. నూరుశాతం గారు స్కూటర్ తాళం తీసుకుని తనే వెళ్ళారు. రెండు డబ్బాలనూ కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చారు. స్టోర్లో దింపే ముందు ఒక్కోదాన్నీ తూయించి, డబ్బా మీద అచ్చయిన బరువుతో సరిపోయిందో లేదో చూసుకున్నారు. సరిపోయింది.

శుక్రవారం ఉదయం పాపను ఆపరేషన్ గదిలోకి తీసుకున్నారు. వెళ్ళే ముందు సిస్టర్ దుప్పటి తీసి మళ్ళీ తూచింది. మెషినమ్మ ఆ అంకెను ప్లాస్టరు ముక్క మీద రాసి యంత్రానికి అంటించింది. చిన్న సెట్టు ఒక గ్లాసు లోపే నిండింది.

గుండె ఆపారు. సర్జన్ రెండు పెద్ద నాళాలనూ కోసి వాటి చోట్లు మార్చి కుట్టారు. గుండెకి రక్తం ఇచ్చే సన్ననాళాలను కొత్తచోట అతికించారు. గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలయ్యాక, యంత్రం మీదనుంచి దించడానికి మొదటిసారి ప్రయత్నించినప్పుడు రక్తపోటు నిలబడలేదు.

“వెనక్కి తీసుకో” అన్నారు సర్జన్.

“తీసుకున్నాను సార్.”

ఇరవై నిమిషాలు ఆగారు. రెండోసారి ఆవిడ యంత్రాన్ని కొద్దికొద్దిగా తగ్గించింది. పోటు నిలబడింది. మెషినమ్మ పంపు ఆపి, తెర మీద అంకెను పైకి చదివింది. సర్జన్ తల ఊపారు.

వరండాలో అమ్మమ్మ బెంచీ మీద ఉంది. నూరుశాతం గారు అటూ ఇటూ నడుస్తున్నారు. ఆయనకి అక్కడ పనేమీ లేదు.

“కూర్చో బాబూ” అంది అమ్మమ్మ. “నువ్వు తిరిగితే త్వరగా అవుతుందా?”

ఆయన బెంచీ చివర కూర్చున్నారు.

ఆ సాయంత్రం మెషినమ్మ కేసు నమోదు చేసింది. బరువు గడిలో ఒకటి పాయింట్ తొమ్మిది అని కొట్టింది. ‘దించిన తర్వాత మళ్ళీ యంత్రం మీదికి తీసుకున్నారా’ అని ఒక గడి ఉంది. అవును అంటే ర్యాంకు తగ్గుతుంది. అవును అని పెట్టింది.

శనివారం ఆవిడకి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఇరవై మూడుసార్లు తప్పు బరువు పంపినందుకు కాదు. ఇరవై మూడు గడులను అనుమతి లేకుండా ఖాళీ చేసినందుకు. జవాబుకి వారం గడువు ఇచ్చారు.

అదే రోజు నూరుశాతం గారి కాంట్రాక్టును రెండేళ్ళు పొడిగించారు. విభాగంలో తప్పులు పెరిగినందున నాణ్యతాధికారి అవసరం పెరిగిందని ఉత్తర్వులో ఉంది. ఫలకం వెనక్కి తీసుకునే పద్ధతి ఏదీ లేదని రిజిస్ట్రీ నుంచి జవాబు వచ్చింది.

సోమవారం ఉదయం పాపకి వెంటిలేటర్ తీశారు. పాప ఏడ్చింది. అప్పటిదాకా గొంతులో గొట్టం ఉన్నందువల్ల ఏడుపు బొంగురుగా వచ్చింది.